మూడో స్టాండు తోడికోడళ్లు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు మాస్టారికి వీడ్కోలు. పూలగుత్తి ఇచ్చారు, ఫొటోలు తీశారు, కర్రాయన ప్రసంగం చేశాడు. కర్రాయనంటే మా కండక్టరు. చేతిలో ఆ చిన్న కర్ర లేకపోతే ఆయన మాట వాళ్లింట్లో కుక్క కూడా వినదని మాస్టారే అనేవారు. మాస్టారి గురించి కాస్త, తన గురించి మిగతా అంతా చెప్పుకుని కూర్చున్నాడు.

మాస్టారు నిజంగా ఎవరికీ మాస్టారు కాదు. మా ఆర్కెస్ట్రాలో వయొలిన్ల వరుసలో మూడో స్టాండు దగ్గర నా పక్క కుర్చీ ఆయనది. ఒక స్టాండు, దాని మీద ఒకే నోట్స్ కాపీ, ముందు ఇద్దరు మనుషులు. జనం వైపు కుర్చీ నాది, లోపలి కుర్చీ ఆయనది. లోపలి కుర్చీ వాళ్లే పేజీలు తిప్పాలి. పైగా మా వయొలిన్లు ఊరుకుని వేరేవాళ్లు వాయించే చోట్ల, మళ్లీ మా వంతు ఎప్పుడొస్తుందో ఆయనే లెక్కపెట్టేవారు, పెదవులు కదిలీ కదలకుండా, ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఆ పేరు అందుకే వచ్చింది. ఆయన గొణుగుడు ఆగిన చోట నేను అందుకునేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. అదీ నా లయజ్ఞానం.

వెళ్తూ వెళ్తూ, "కొత్తవాళ్లతో సర్దుకోమ్మా. స్టాండు కాస్త దించితే ప్రాణం పోదు" అన్నారు. సర్దుకోవడం నాకు ఒకరు చెప్పాలా? స్టాండు ఎత్తు గురించి మా ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు. ఆయన మెడ చాచుకుని చూసేవారు, అంతే.

ఫిబ్రవరి 5

మాస్టారి కుర్చీలోకి ఎవరొచ్చారో రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫిబ్రవరి 6

మా తోడికోడలు.

కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు తెర వెనక నుంచి వాయించమంటారు, ముఖం చూసి మొగ్గు చూపకుండా. వరుస వాళ్లందరం కూర్చుని విన్నాం. నాలుగో మనిషి వాయించినప్పుడు నేను పక్కవాళ్లతో "ఈ చెయ్యి బాగుంది" అన్నాను. అన్న మాట నిజమే, ఎవరిదగ్గర దాచినా ఇక్కడ దాచను. తెర తీశారు. మా మరిది భార్య. ఒకే ఇంట్లో ఉంటూ రోజూ వినే వాయింపును ఎలా పోల్చుకోలేదని మా ఆయన ఆశ్చర్యపోయాడు. ఎలా పోల్చుకుంటాను? ఆవిడ ఇంట్లో వయొలిన్ తీస్తే నేను మిక్సీ వేస్తాను.

సీజను ఆఖరి కచేరీ వరకు ఆవిడని ట్రయల్ మీద ఉంచారు. ఆ తర్వాత ఉంచాలా, పంపాలా అన్నది పక్క కుర్చీ సీనియర్ మాట విని కర్రాయన తేలుస్తాడు. మా దగ్గర మొదటి నుంచీ అదే పద్ధతి. పక్క కుర్చీ సీనియర్ని నేను. దేవుడున్నాడు.

ఫిబ్రవరి 9

సాక్సుల సంగతి ఒకసారి న్యాయంగా రాసుకోవాలి. మా ఇద్దరికీ నెల పైనుంచి మాటల్లేవంటే కారణం అదే కాబట్టి.

ఆ రోజు ఒకటే వాన. తీగ మీద చోటు లేదు. ముందుగదిలో ఆవిడ చెక్క స్టాండు ఖాళీగా నిలబడి ఉంది. మా ఆయన సాక్సులు దాని మీద ఆరేశాను. ఇందులో తప్పేముంది? నా ఇనుప స్టాండు మీద నేను తువ్వాళ్లు ఆరేస్తాను. అత్తగారు దాన్ని వంటింట్లో పెట్టించుకుని వంటల పుస్తకం ఆనిస్తారు. మా ఆయన అద్దం నిలబెట్టుకుని గడ్డం గీసుకుంటాడు. పాపం అది ఏనాడూ వద్దనలేదు. ఆవిడ స్టాండు మాత్రం నీళ్లు తాగి కింద పట్టె వంకరపోయింది. కాపీ పెడితే ఎడమ పక్కకి జారుతుందట.

ఆ స్టాండు తన చేతులతో చెక్కి చేసుకుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే సాక్సులు కాకుండా ఏ చేతిరుమాళ్లో ఆరేసేదాన్ని.

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం కాఫీ తాగేవాళ్లం. అలా కాదు. సాక్సులు తీసి, మడత పెట్టి, మా మంచం మీద పెట్టి వెళ్లింది. అందులో ఒకటి తక్కువ. కక్షకొద్దీ దాచిందని నా అనుమానం.

"మీరిద్దరూ మాట్లాడుకోవడం మానేశాక ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్నాడు మా ఆయన పేపరు వెనక నుంచి. ఎవరి సాక్సుల వల్ల వచ్చింది ఇదంతా?

ఫిబ్రవరి 12

మొదటి రిహార్సల్. ముందే వెళ్లి స్టాండు నాకు కావలసినంత ఎత్తి పెట్టుకున్నాను. ఆవిడ వచ్చి, కూర్చుని, శ్రుతి చూసుకుని, మర తిప్పి బెత్తెడు దించింది. ఒక్క మాట లేదు. నేను ఎత్తాను. కర్రాయన కర్ర ఎత్తాడు కాబట్టి ఆగాం.

స్టాండు ఎత్తుగా ఉంటే కాపీ మీంచి చూపు కాస్త లేపగానే కండక్టరు కనబడతాడు. ఇది నా వాదన. ఆవిడ వాదన ఏమిటో నాకు తెలియదు. మాటల్లేవు కదా.

ఫిబ్రవరి 13

దించింది.

ఫిబ్రవరి 14

ఎత్తాను.

ఫిబ్రవరి 17

ఎత్తీ దించీ మర వదులైపోయింది. కచేరీ కోసం సాధన చేస్తున్న కృతి రెండో భాగంలో, అందరూ మైమరచిపోయి వాయించాల్సిన నెమ్మది చోట, మా స్టాండు దానంతటది దిగడం మొదలుపెట్టింది. చెయ్యి చాచి ఆపిన వాళ్లు ఓడిపోయినట్టు. నేను ఆపలేదు. ఆవిడా ఆపలేదు. కాపీ ఎంత దిగితే మేం అంత వంగాం. చివరికి అది మా మోకాళ్ల దగ్గర ఆగింది, మా తలలూ దాదాపు అక్కడికే చేరాయి.

కర్రాయన అందర్నీ ఆపి, మూడో స్టాండు వాళ్లకి ఏమైనా పడిపోయిందా అని అడిగాడు. లేదండీ అన్నాం ఇద్దరం. నెల పైనుంచి మా ఇద్దరి నోటా కలిసి వచ్చిన మాట అదొక్కటే. వెనక స్టాండు వాళ్లు నవ్వారు. వాళ్ల స్టాండుకి మర ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది, ఏం లాభం, వాయింపే వదులు.

ఫిబ్రవరి 20

ఆవిడ పేజీ ముందే తిప్పేస్తుంది. ఆఖరి వరుస సగంలో ఉండగానే. తన కళ్లు ముందుకు పరిగెడతాయి కాబట్టి అందరి కళ్లూ అలాగే ఉంటాయనుకుంటుంది కాబోలు. కాస్త ఆగి తిప్పు అంటే సరిపోతుంది. అది అనాలంటే ముందు మాట్లాడాలి. అందుకని ప్రతి పేజీ ఆఖరి వరుసా కంఠస్థం చేస్తున్నాను.

ఇంటి దగ్గర కూడా ఉన్నది ఆ ఒక్క కాపీయే. ముందుగదిలోనే వెలుతురు బాగుంటుంది, నా స్టాండు మీదేమో తువ్వాళ్లున్నాయి. ఆవిడ బయటికి వెళ్లాక ఆవిడ స్టాండు మీదే సాధన చేసుకుంటున్నాను, కాపీ దాని మీదే వదిలేస్తున్నాను. ఆవిడ వచ్చి తన సాధన చేసుకుంటుంది. రిహార్సల్‌కి ఎవరు ఆఖర్న బయల్దేరితే వాళ్లు తెస్తారు. ఒక్క మాట ఖర్చు లేకుండా సాగిపోతోంది ఏర్పాటు.

కాపీ ఎడమ పక్కకి జారుతున్న మాట నిజమే. కొంచెం. చెక్క అన్నాక వంగుతుంది.

ఫిబ్రవరి 24

మూడో భాగంలో మా వయొలిన్లు చాలాసేపు ఊరుకునే చోటుంది. క్లారినెట్ ఒక్కటే ఏదో ఏడుస్తూ ఉంటుంది. ఆ చోట ఆవిడ పెన్సిలుతో కళ్లజోడు బొమ్మ గీసింది. ఎక్కడ ఏమరుపాటు పనికిరాదో అక్కడ అలా గీసుకోవడం మాలో అలవాటు. ఎవరు ఏమరుపాటుగా ఉన్నారట? చెరిపేశాను.

ఫిబ్రవరి 25

మళ్లీ గీసింది. ఈసారి పెద్దది. చెరిపేశాను.

ఫిబ్రవరి 26

చెరిపాను.

ఫిబ్రవరి 27

జరిగింది రాసేస్తాను. రాశాక ఆలోచించను.

మూడో భాగం, క్లారినెట్ చోటు. అందరూ ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. ఎంతసేపు ఊరుకోవాలో అంతా ఊరుకుని, సరిగ్గా వేళకి, నిండుగా, ధైర్యంగా అందుకున్నాను. హాలంతటికీ నా వయొలిన్ ఒక్కటే వినబడింది. వేళ కాలేదన్నమాట. ఎంత కాలేదో కూడా తెలియదు. క్లారినెట్ ఆయన ఊదడం ఆపేసి వెనక్కి తిరిగి చూశాడు.

హాల్లో గాలి సరిగ్గా ఆడటం లేదు. స్టాండు కూడా పల్లంగా ఉంది.

కర్రాయన కర్ర దించి మా స్టాండు వైపు చూశాడు. తప్పు వాయించిన వాళ్లు చెయ్యెత్తాలి, అది మా దగ్గర మర్యాద. ఎవరూ ఏమీ అనరు, మళ్లీ మొదలుపెడతారు. నా చెయ్యి లేచే లోపల ఆవిడ చెయ్యి లేచింది. ట్రయల్ మీద ఉన్న మనిషి, ఉద్యోగం ఇంకా చేతికి రాని మనిషి, అంతమంది ముందు నా తప్పుకి తన చెయ్యెత్తి కూర్చుంది.

ఫిబ్రవరి 28

ఎవరెత్తమన్నారు?

మార్చి 2

నన్ను చిన్నబుచ్చడానికే ఎత్తింది. రాత్రంతా ఆలోచిస్తే తేలింది అదే.

కర్రాయన ఈ రోజు పక్కకి పిలిచాడు. మొన్నటి పొరపాటు తన చెవిలోంచి పోవడం లేదట. ఇలాంటివి చేసే మనిషిని ఉంచుకోవాలంటే ఆలోచించాలట. "పక్కన కూర్చునేది మీరు. మీరు వద్దంటే వద్దు. ఏమంటారు?" అన్నాడు. కచేరీ అయ్యాక చెబుతానన్నాను. తప్పు ఎవరిదని ఆయన అడగలేదు. అడగనివాటికి జవాబులు చెప్పడం నాకు అలవాటు లేదు.

ఇంటికొస్తుంటే మా మరిది గుమ్మంలో ఎదురుపడి, ఆవిడకి ఈ ఉద్యోగమంటే ప్రాణమనీ, దీనికోసం పిల్లలకి పాఠాలు చెప్పే పని కూడా మానేసిందనీ అన్నాడు. నాకు వినిపించాలనే అన్నాడు. తువ్వాళ్లు తీసుకొచ్చి మడత పెట్టుకున్నాను.

మార్చి 4

అత్తగారు అన్నం దగ్గర ఇద్దర్నీ కలిపి కడిగేశారు.

"పొద్దున ఒకత్తి అదే పాట, సాయంత్రం ఇంకొకత్తి అదే పాట. ఇద్దరూ ఒక్కసారి కూర్చుని వాయించేస్తే నాకు సగం బాధ తప్పుతుంది కదే" అన్నారు.

ఆవిడ పళ్లెంలోకి చూసింది. నేను నా పళ్లెంలోకి చూశాను. మా ఆయన నీళ్లు తాగాడు. ఆయనకి ఏ చిక్కొచ్చినా దాహమేస్తుంది.

ఇంతకీ ఇప్పుడు నాకు కాపీ అక్కర్లేదు. ఆఖరి వరుసలతో మొదలుపెట్టింది పేజీలకి పాకింది. మొదటి నుంచి చివరి వరకు నోటికొచ్చేసింది. ఆ క్లారినెట్ చోటు తప్ప. అక్కడ నోటికి రావడానికి ఏముంది, అంతా ఖాళీయే.

మార్చి 6

ఏం చెప్పాలో తేల్చుకున్నాను. పొందిక కుదరలేదండీ అంటాను. తప్పు మాట కాదు. మర్యాదగా కూడా ఉంది.

మార్చి 7

పొందిక కుదరలేదండీ.

అద్దం ముందు అని చూసుకున్నాను. బాగానే ఉంది.

మార్చి 9, ఆదివారం పొద్దున

నిన్న కచేరీ. అందరూ లేచేలోపల వంటింట్లో కూర్చుని రాస్తున్నాను.

బయల్దేరేటప్పుడు ముందుగదిలోకి తొంగిచూశాను. చెక్క స్టాండు ఖాళీగా ఉంది. కాపీ ఆవిడ తీసుకుందన్నమాట అనుకుని వెళ్లిపోయాను. తనేమో నాకంటే ముందే చూసిందట, అప్పటికే స్టాండు ఖాళీ, నేను తీసుకున్నాననుకుని వెళ్లిపోయిందట. అక్కా, కాపీ మీ దగ్గరుందా? ఇంతే మాట. ఇద్దరిలో ఎవరి నోటికీ రాలేదు.

వేదిక మీద కూర్చున్నాం. హాలు నిండిపోయింది. దీపాలు వెలిగాయి. మా ముందు స్టాండు, దాని మీద ఏమీ లేదు. నేను తన వైపు చూశాను. తను నా వైపు చూసింది. ఇద్దరి చేతుల్లోనూ వయొలినూ కమానూ తప్ప ఏమీ లేవు. చప్పట్ల మధ్య కర్రాయన నడిచొస్తున్నాడు. లేచి వెళ్లేందుకు దారి లేదు.

తను కిందకి వంగి, ఎవరో కాళ్ల దగ్గర పడేసిన కచేరీ కరపత్రం తీసి, దులిపి, స్టాండు మీద నిలబెట్టింది. వెనక వైపు పరుపుల ప్రకటన. ఒకాయన హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన్నే చూస్తూ మొదలుపెట్టాం.

పేజీ తిప్పాల్సిన చోటు వచ్చింది. మా కళ్లముందున్నదేమో ఒకే కాగితం. తను వాయించడం ఆపి, ఎంతో శ్రద్ధగా చెయ్యి చాచి, కరపత్రాన్ని అటు తిప్పి పెట్టింది. ఇదివరకటి కంటే అర వరుస ఆలస్యంగా, నేను ఇన్నాళ్లూ కోరుకున్న చోట, సరిగ్గా. తర్వాతి పేజీకి మళ్లీ ఇటు. పరుపు మీద ఆయన వస్తూ పోతూ ఉన్నాడు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కున్నాను. తన గడ్డం కింద వయొలిన్ కూడా వణుకుతోంది. భయమో నవ్వో తెలియదు, కానీ ఒక్క స్వరమూ తప్పలేదు. తనకీ మొత్తం నోటికొచ్చు. ఎందుకంటే వంకర పట్టె మీద కాపీ నిలవదు. జారిన ప్రతిసారీ ఎత్తి పెట్టుకోలేక కంఠస్థం చేసిందట.

అలా మూడో భాగం వచ్చింది. క్లారినెట్ అందుకున్నాడు. మేం ఊరుకున్నాం.

ఇక్కడ నిజం రాసుకోవాలి. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఐదు దాకా వచ్చాను. ఆ తర్వాత అది ఐదో ఆరో తెలియలేదు. కాపీ ఉంటే కనీసం కళ్లజోడు బొమ్మ ఉండేది. లేదు, అది కూడా నేనే చెరిపాను. చెమట పట్టింది. ఇంతమందిలో మళ్లీ ఒంటరిగా లేస్తుంది నా వయొలిన్, మళ్లీ ఈ పిల్ల చెయ్యెత్తుతుంది, దీంతో దాని ఉద్యోగం పోతుంది. అంతవరకు నేను భయపడింది నా పరువు గురించి. ఆ క్షణంలో మాత్రం ఆ పిల్ల గురించే భయపడ్డాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అంతే.

అప్పుడు వినబడింది, పెదవులు కదిలీ కదలకుండా.

"తొమ్మిది... పది... పదకొండు..."

నెలల తర్వాత మా తోడికోడలు నాతో అన్న మొదటి మాటలు అవి. నేను కదల్లేదు. కళ్లు మూసుకుని విన్నాను. అంకెలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నా చెవి పక్కన కూర్చున్నాయి. చివరికి వచ్చేసరికి అంకె కాకుండా ఇంకేదో అంది.

"ఇప్పుడు, అక్కా."

ఇద్దరం ఒకే కమాను లాగినట్టు లాగాం.

చప్పట్లు అయ్యాక తెర వెనక పెట్టెలు సర్దుకుంటుంటే, నేను లెక్కపెట్టనని నీకెవరు చెప్పారని అడిగాను. మాస్టారు చెప్పారట. తనకి కుర్చీ వచ్చిన రోజే ఫోన్ చేసి, ఆవిడ లెక్కపెట్టదమ్మా, నువ్వే గొణుగుతూ ఉండాలి అన్నారట. ముసలాయన కడుపులో మాట దాగదు. మరి ఇన్నాళ్లూ ఎందుకు గొణగలేదంటే, "మీరు నాతో మాట్లాడట్లేదు కదక్కా. అందుకే కళ్లజోడు గీశాను. మీరు చెరిపేస్తూ పోయారు" అంది.

"ఆ రోజు చెయ్యెందుకెత్తావు?"

"ఎవరో ఒకరు ఎత్తేదాకా ఆయన మొదలుపెట్టడు. నాకేమో ఆకలేస్తోంది."

అంతేనా అన్నాను. అంతే అంది. అంతే కాదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడే కర్రాయన వచ్చాడు, చెమటలు తుడుచుకుంటూ, తనే అన్ని వాద్యాలూ వాయించినట్టు. చుట్టూ వరుస వాళ్లందరూ ఉన్నారు. కచేరీ బాగానే జరిగిందనీ, కానీ మొన్నటి రిహార్సల్ పొరపాటు సంగతి తేల్చాలనీ అన్నాడు. తను వయొలిన్ పెట్టె మూత మూయడం ఆపి నిలబడిపోయింది. ముఖంలో రక్తం లేదు. ఆకలి కబుర్లన్నీ ఎటు పోయాయో.

నేను అద్దం ముందు వల్లెవేసిన మాట ఒక్కటీ నోటికి రాలేదు. చెయ్యెత్తాను.

"ఏమిటండీ, ఏమైనా అడగాలా?" అన్నాడు.

"ఆ రోజుది. ఇప్పుడెత్తుతున్నాను."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వరుస వాళ్లకి ముందే అర్థమైంది, వెనక స్టాండు వాళ్లు చేసిన చప్పుడు విన్నాను. నవ్వుకోనీ. ఈ పిల్లని పంపేస్తే అంకెలు నేను లెక్కపెట్టాల్సి వస్తుంది, ఆ తర్వాత జరిగేదానికి నా పూచీ లేదు అన్నాను. కర్రాయన మా ఇద్దరి వైపూ చూసి, సరే, ఉంచుదాం అన్నాడు. చెయ్యి ఇంక దించండి అని కూడా అన్నాడు. ఎత్తే ఉంచానని అప్పుడు తెలిసింది.

మార్చి 10

అత్తగారు ఊడుస్తుంటే కాపీ దొరికింది. వంకర పట్టె మీంచి జారి, వెనకున్న బట్టల పెట్టెకీ గోడకీ మధ్య పడింది. దాని పక్కనే మా ఆయన సాక్సు ఒకటి.

దాచిందనుకున్నాను. ఆ మాట తనకి చెప్పలేదు. అన్నీ చెప్పుకుంటే ఇంక డైరీ ఎందుకు.

మార్చి 12

తను కొత్త పట్టె చెక్కుతోంది. నేను అటు కొస పట్టుకున్నాను. పట్టుకోవడం కూడా తప్పుగా పట్టుకున్నానట. మా ఆయన వచ్చి, మళ్లీ మొదలయ్యాయా మీ మాటలు అని పేపరు తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయాడు.

మార్చి 17

తర్వాతి కచేరీకి కొత్త కాపీ వచ్చింది. మా వయొలిన్లు ఊరుకునే చోట్లు వెతికి అన్నిటి దగ్గరా నేనే కళ్లజోళ్లు గీశాను. చూసి, ఇది కాపీనా, కళ్లజోళ్ల దుకాణమా అక్కా అంది.

స్టాండు ఎత్తాను. దించింది. ఎత్తాను.

"మెడ నొప్పి అక్కా. అంత ఎత్తుగా ఉంటే ఇంటికెళ్లాక మెడ తిరగట్లేదు" అంది.

అలా చెబితే కదా తెలిసేది. ఇన్నాళ్లూ మర తిప్పడమే తప్ప ఒక్క మాట అందా? మాస్టారూ అనలేదు, ఇన్నేళ్లూ మెడ చాచుకుని కూర్చున్నారు.

దించాను. కొంచెమే.